సత్యం ఒక్కటేనా, ఎవరి సత్యం వారిదేనా? క్రైస్తవ విశ్వాసం, సాపేక్షవాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

బైబిలు అధ్యయనాల్లో, యువజన కూటాల్లో, సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థుల నోట ఒకే రకం ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. కూటం ముగిసే వేళ హడావిడిగా చెప్పే జవాబు ఎవరికీ చాలదు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏది కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు. నేను క్రైస్తవ విశ్వాసిగా రాస్తున్నాను. అయినా ఎదుటి పక్షం వాదనను బలహీనం చేసి చూపకుండా, వాళ్లు ఒప్పుకునే విధంగానే చెప్పడానికి ప్రయత్నించాను.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

"వస్తుగత సత్యం" అంటుంటారు. అసలు దాని అర్థం ఏమిటి?

ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్టుగా ఉండేదే వస్తుగత సత్యం. కృష్ణా నది మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. ఆ సంగతి తెలియనివాడికీ అది అక్కడే పుడుతుంది. శ్రీశైలంలో పుడుతుందని ఊరంతా కలిసి తీర్మానం చేసినా అది అక్కడే పుడుతుంది. చెప్పిన మాట వాస్తవంతో సరిపోలితే సత్యం, లేకపోతే కాదు. గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్, మధ్యయుగ క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ చెప్పిందీ ఇదే, ఊరి పంచాయితీలో సాక్షిని నిలబెట్టి "జరిగింది జరిగినట్టు చెప్పు" అనే పెద్దమనిషి ఉద్దేశమూ ఇదే.

క్రైస్తవులు ఈ మాటను నదులకు, రాళ్లకు మాత్రమే పరిమితం చేయరు. దేవుడున్నాడా, మనిషి విలువ ఎంత, యేసు సమాధి నుంచి లేచాడా అనే ప్రశ్నలకు కూడా మన అభిప్రాయంతో నిమిత్తం లేని జవాబు ఉందని వారి నమ్మకం. ఆ జవాబు మనకు పూర్తిగా తెలుసా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతుంది.

"ఎవరి సత్యం వారిది" అంటే పోయేదేముంది? గొడవలైనా ఉండవు కదా?

మతం పేరుతో జరిగిన కొట్లాటలు చూసి విసిగిపోయిన మనిషి ఈ మాట అంటాడు. ఆ మనసును నేను తక్కువ చేయను. కానీ ఆ మాట తన బరువు తానే మోయలేదు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు తాత్వికుడు ప్రొటాగరస్ మనిషే అన్నిటికీ కొలమానమని బోధించాడు. ప్లేటో తన 'థియాటెటస్' సంవాదంలో సోక్రటీసు చేత దానికి జవాబు చెప్పించాడు. ఎవరికి తోచింది వారికి సత్యమైతే, ప్రొటాగరస్ చెప్పింది తప్పని తలచేవారి మాట కూడా సత్యమేనని ప్రొటాగరస్ ఒప్పుకోవలసి వస్తుంది.

ఈ తర్కంతో ఎదుటివారి నోరు మూయించవచ్చు, మనసు మార్చలేం. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించే నష్టం ఇంకొకటి ఉంది. ఎవరి సత్యం వారిదైతే నేను పొరబడే వీలే ఉండదు. పొరబడే వీలు లేనివాడికి దిద్దుకునే వీలూ ఉండదు. "నేను చేసింది తప్పు, క్షమించు" అనే మాటకు అర్థం ఉండాలంటే, నాకు తోచినదానికి పైన నిలిచి నన్ను తప్పుపట్టగలిగేది ఏదో ఉండాలి. క్రైస్తవ జీవితం పశ్చాత్తాపంతో మొదలై క్షమాపణతో సాగుతుంది. ఆ రెండింటి కిందా ఉన్న నేలను, ఎవరి సత్యం వారిదనే ఈ సాపేక్షవాదం తీసేస్తుంది.

తిండి, బట్ట, పాట విషయంలో అందరి రుచీ ఒకటి కాదు. మతం కూడా అలాంటిదే కదా?

"భిన్నరుచిర్హి లోకః" అన్నాడు కాళిదాసు. గోంగూర పచ్చడి ఇష్టమా కాదా అన్నదానికి సరైన జవాబంటూ లేదు. ఇలాంటి తేడాలకు బైబిలు కూడా చోటిస్తుంది. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో తిండి విషయంలో, ప్రత్యేక దినాల విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దంటాడు పౌలు. ఆరాధనలో ఏ వాద్యం వాడాలన్నదీ ఈ కోవలోదే. దాని కోసం సంఘాలు చీలిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. "ఈ మందు జ్వరం తగ్గిస్తుంది" అనే మాట మాత్రం రుచి కాదు. "దేవుడు ఈ లోకాన్ని సృష్టించాడు" అనే మాటా అంతే. అది ఒప్పు కావచ్చు, తప్పు కావచ్చు. మన ఇష్టంతో తేలే సంగతి మాత్రం కాదు.

ఏనుగును తడిమిన గుడ్డివాళ్ల కథ ఉంది కదా. అన్ని మతాలూ అలా తలా ఒక ముక్క పట్టుకున్నవే కావచ్చు కదా?

ఈ కథ బౌద్ధుల 'ఉదాన' గ్రంథంలో ఉంది. శ్రావస్తిలో ఒక రాజు పుట్టుగుడ్డివాళ్లను పిలిపించి ఏనుగును తడమమంటాడు. తల తడిమినవాడు కుండ అంటాడు, చెవి పట్టుకున్నవాడు చేట అంటాడు, కాలు పట్టుకున్నవాడు స్తంభం అంటాడు. చివరికి పిడిగుద్దులకు దిగుతారు.

1936లో మిషనరీగా తమిళ ప్రాంతానికి వచ్చి, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మదురై–రామనాథపురం బిషప్ అయిన లెస్లీ న్యూబిగిన్ ఈ కథలో చాలామంది గమనించని ఒక సంగతి చూపించాడు. కథ చెప్పేవాడికి కళ్లున్నాయి. అతను ఏనుగును మొత్తంగా చూస్తున్నాడు కాబట్టే మిగతావాళ్లది ముక్క అని చెప్పగలుగుతున్నాడు. అంటే "అందరూ ముక్కలే పట్టుకున్నారు" అనే మనిషి, తనకు మాత్రం మొత్తం కనిపిస్తోందని చెప్పకుండానే చెబుతున్నాడు. వినయంగా వినిపించే ఆ మాటలో అంత పెద్ద దావా ఉంది.

ఏథెన్సులో అరేయొపగు సభ ముందు నిలబడినప్పుడు పౌలు కూడా మనుషులు దేవుణ్ణి తడవులాడుతున్నారనే అన్నాడు. ఆ తడుములాటను ఆయన ఎగతాళి చేయలేదు. కానీ దేవుడు దూరంగా లేడని, ఒక మనిషిని మృతులలో నుంచి లేపి అందరికీ ఆధారం ఇచ్చాడని ప్రకటించాడు. క్రైస్తవులు చెప్పేది తమ చేతులు మిగతావాళ్ల చేతులకన్నా చురుకైనవని కాదు, దేవుడే తనను తాను తెలియజేసుకున్నాడని.

## కాలేజీ పాఠాల్లో ఎదురయ్యేవి

లియోతార్, ఫూకో, దెరిదా నిజంగా ఏమన్నారు? సత్యమే లేదన్నారా?

సంఘాల్లో ఈ ఫ్రెంచి తాత్వికుల పేర్లు వినపడగానే శత్రువుల జాబితా చదివినట్టు చదువుతారు. అది న్యాయం కాదు. ముగ్గురూ మూడు వేర్వేరు పనులు చేశారు.

క్యూబెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మండలి కోసం రాసి 1979లో ప్రచురించిన నివేదికలో లియోతార్, ఆధునికోత్తర స్థితి అంటే మహాకథనాల మీద నమ్మకం సడలడమని నిర్వచించాడు. చరిత్ర అంతటికీ ఒకే దారి, ఒకే గమ్యం ఉందని, దాన్ని మానవ బుద్ధితో నిరూపించగలమని చెప్పిన పెద్ద కథలు ఆయన గురి. ఒకప్పుడు మార్క్సిస్టు ఉద్యమంలో పనిచేసిన మనిషికి అలాంటి కథల ధర ఏమిటో తెలుసు. ఫూకో జైళ్లు, ఆసుపత్రులు, పిచ్చాసుపత్రుల చరిత్ర తవ్వి, జ్ఞానం ఎప్పుడూ అధికారంతో పెనవేసుకునే ఉంటుందని చూపాడు. దెరిదా 1967 నుంచి రాసిన పుస్తకాల్లో, ఏ పాఠమూ తన అర్థాన్ని పూర్తిగా అదుపులో పెట్టుకోలేదని వాదించాడు. వీళ్లకు ముందే, 1880ల చివర్లో, వాస్తవాలు లేవని, వ్యాఖ్యానాలే ఉన్నాయని జర్మన్ తాత్వికుడు నీషే తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

రెండు ప్రపంచ యుద్ధాలు, వలస పాలన, స్టాలిన్ శిబిరాలు చూసిన యూరప్ ఇలా అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. మనిషి బుద్ధి స్వార్థానికి లొంగిపోతుందని వాళ్లు చెప్పిన మాట యిర్మీయా చదివిన క్రైస్తవుడికి కొత్త కాదు. హృదయం అన్నిటికంటే మోసకరమైనదని ఆ ప్రవక్త ఎప్పుడో రాశాడు. నేను విడిపోయేది తర్వాతి మెట్టు దగ్గర. మనం వంకరగా చూస్తున్నామన్నది నిజమే, కానీ దాన్నుంచి చూడవలసినది లేదనే నిర్ణయానికి రాలేం. వంకర అనే మాటే తిన్ననిది ఒకటి ఉందని ఒప్పుకుంటోంది.

సత్యం మా దగ్గరే ఉందని చెప్పినవాళ్లే చరిత్రలో దౌర్జన్యాలు చేశారు. చర్చి కూడా. ఇంకా ఆ మాట ఎలా అంటారు?

చేశారు. మతానికి విరుద్ధంగా బోధించారని అనుమానించినవారిని విచారించే చర్చి సభలు మనుషులను హింసించాయి. 1633లో గెలీలియో మోకాళ్ల మీద నిలబడి, తాను చెప్పింది తప్పని అనవలసి వచ్చింది. అమెరికాలో బానిసల యజమానులు బైబిలు వచనాలు చూపించి గొలుసులను సమర్థించుకున్నారు. మన తెలుగు సంఘాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి సంబంధం అనగానే కులం అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇవేవీ దాచవలసినవి కావు. దాచితే సత్యం మీద మనకే నమ్మకం లేదని అర్థం.

కానీ ఈ ప్రశ్న వెనక ఉన్న కోపాన్ని ఒక్క క్షణం పరిశీలించండి. అది జరిగిన అన్యాయం మీద కోపం. అన్యాయం నిజంగా అన్యాయమైతేనే ఆ కోపానికి అర్థం ఉంటుంది. సత్యమనేది అధికారం వేసుకున్న వేషం మాత్రమే అయితే, బాధితుడి సాక్ష్యం కూడా ఇంకొక వేషమే అవుతుంది. అప్పుడు గెలిచేది బలమున్నవాడి మాటే.

చర్చి చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య మాట్లాడారు. రెండేళ్ల తర్వాత డోర్నకల్ బిషప్‌గా, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందబోయే మనిషి ఆయన. పాశ్చాత్య మిషనరీలు భారతీయ సహోదరుల మీద పెత్తనం చేస్తున్నారని వాళ్ల ముఖం మీదే చెప్పారు. పేదలకు మీ ఆస్తి పంచారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం నుంచి తీసుకున్న మాటలవి. మిషనరీలు తాము తెచ్చిన పుస్తకంతోనే కొలవబడ్డారు. ఆ పుస్తకం వాళ్ల సొంత కథ మాత్రమే అయితే, ఆ కొలతకు వాళ్లు ఎందుకు లోబడాలి?

1934 మే నెలాఖరున జర్మనీలోని బార్మెన్‌లో సమావేశమైన క్రైస్తవులు, తాము వినవలసిన దేవుని వాక్యం యేసుక్రీస్తు ఒక్కడేనని ప్రకటించి, హిట్లర్ రాజ్యానికి చర్చిని అతికించాలని చూసినవారిని ఎదిరించారు. ఆ ప్రకటన యూదుల గురించి నేరుగా ఒక్క మాట అనకపోవడం పెద్ద లోపమని ఆ తర్వాత చాలామంది ఎత్తి చూపారు. ఆ విమర్శ సరైనదే. లోపాన్ని లోపమనగలగడమే నేను చెప్పదలచిన విషయం.

ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం అంతా సాపేక్షమేనని రుజువు చేసింది కదా?

లేదు. 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన సిద్ధాంతం నిలబడిందే మారని వాటి మీద. శూన్యంలో కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్ల పైచిలుకు. నిలకడ వేగంతో ఎటు వెళ్తున్నవారు కొలిచినా అంతే. భౌతిక నియమాలు కూడా వారందరికీ ఒకటే. కాలం, దూరం కొలతలు చూసేవారి చలనాన్ని బట్టి మారతాయి, కానీ ఎంత మారతాయన్నదాన్ని అందరికీ ఒకే సూత్రం చెబుతుంది. పేరులోని పోలిక తప్ప నీతి సాపేక్షమనే వాదంతో దీనికి సంబంధం లేదు.

నీతి ఒక్కో సమాజంలో ఒక్కోలా ఉంటుంది. ఇది మంచి, అది చెడు అని అందరి తరఫునా ఎవరు చెప్పగలరు?

ఆచారాలు మారతాయి, అది నిజం. ఈ ప్రశ్న ఒకసారి ప్రపంచ వేదిక మీదికి వచ్చింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనను తయారుచేస్తున్నప్పుడు, 1947లో అమెరికన్ ఆంత్రొపలాజికల్ అసోసియేషన్ ఒక అభ్యంతరం పంపింది. విలువలు ఆయా సంస్కృతులకు చెందినవని, అందరికీ ఒకే ప్రమాణం పెట్టడం కష్టమని దాని సారం. ఆ అభ్యంతరంలో వలస పాలకుల గర్వం మీద న్యాయమైన అనుమానం ఉంది. అయినా ప్రకటన ఆగలేదు. లెబనాన్‌కు చెందిన ఆర్థడాక్స్ క్రైస్తవుడు చార్లెస్ మాలిక్ దాని రచనలో ప్రముఖ పాత్ర వహించాడు. మన దేశ ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి, మొదటి అధికరణంలో పురుషులను సూచించే పదం తీసేయించి, మనుషులందరూ అని చేర్పించారు. 1948 డిసెంబరు 10న 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 8 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు.

మన దగ్గరే చూడండి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు సమాజం ఆయనను వెలివేసింది. నీతి అంటే సమాజం ఒప్పుకున్నదే అయితే, ఆ రోజు వీరేశలింగం అవినీతిపరుడు, వెలివేసినవాళ్లు నీతిమంతులు. ఈ ముగింపును ఏ తెలుగువాడూ ఒప్పుకోడు. ఆయన క్రైస్తవుడు కాదు, బ్రహ్మసమాజం దారిలో నడిచిన మనిషి. న్యాయాన్ని గుర్తించడానికి క్రైస్తవుడై ఉండాలని బైబిలు కూడా అనదు. ధర్మశాస్త్రం లేనివారి హృదయాల మీద కూడా అది రాసి ఉందని రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. క్రైస్తవుడు అదనంగా అడిగేది ఒక్కటే: వీరేశలింగం కాలంలో ఎవరూ ఒప్పుకోకపోయినా నిలిచి ఉన్న ఆ న్యాయం ఎక్కడిది?

వంద శాతం రుజువు లేకుండా "ఇదే సత్యం" అని ఎలా అంటారు?

వంద శాతం నిశ్చయం కావాలని కోరింది 17వ శతాబ్దపు తాత్వికుడు డెకార్ట్. ఆ కోరిక తీరక విసిగినవారు చివరికి ఏదీ తెలియదనే ఒడ్డుకు చేరారు. రసాయన శాస్త్రజ్ఞుడిగా మొదలై తాత్వికుడైన మైకేల్ పొలాన్యీ, శాస్త్రజ్ఞుడు కూడా తాను నిరూపించలేని ఎన్నో సంగతులను నమ్మి, వాటికి తనను అప్పగించుకుని పరిశోధన చేస్తాడని చూపించాడు. తెలుసుకోవడమంటే పొరబడే ప్రమాదంతో కూడిన నమ్మకమే. ఇప్పుడు అద్దంలో మసకగా చూస్తున్నామని పౌలు రాశాడు. మసకగా అయినా చూస్తున్నామనే ఆయన భావం.

## బైబిలు తెరిచినప్పుడు

ఒకే బైబిలుకు ఇన్ని వ్యాఖ్యానాలు, ఇన్ని శాఖలు. ఇక అందులో సత్యం ఏదని చెప్పాలి?

వ్యాఖ్యానాలు చాలా ఉండటం ఒకటి, అన్నీ సమానం కావడం ఇంకొకటి. బానిసత్వాన్ని సమర్థించిన వ్యాఖ్యానం తప్పు అని ఇవాళ చర్చి చెప్పగలుగుతోందంటే, వచనానికి, దానికి మనం అంటగట్టే అర్థానికి మధ్య తేడా ఉండబట్టే. పౌలు బోధించినది నిజమో కాదో అని బెరయ ఊరివారు ప్రతిదినం లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యాలు 17:11 చెబుతుంది. అపొస్తలుణ్ణి పరీక్షించినందుకు వాళ్లను ఘనులన్నారు తప్ప ఎవరూ కసురుకోలేదు.

తొలి సంఘం చేసిన ఒక పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. 2వ శతాబ్దంలో మార్సియన్ అనే బోధకుడు ఒకే ఒక్క సువార్త చాలన్నాడు. తాతియాను అనే రచయిత నాలుగింటినీ కలిపి ఒకే కథగా కుట్టాడు. సిరియా సంఘాల్లో అది చాలాకాలం చదివారు కూడా. అయినా చివరికి సంఘం నాలుగు సువార్తలనూ నాలుగుగానే ఉంచుకుంది. మత్తయి చూసిన కోణం, యోహాను చూసిన కోణం ఒకటి కాదని తెలిసీ ఉంచుకుంది. దృక్కోణాలు అనేకమైతే సత్యం లేదని వాళ్లు అనుకోలేదు. ఆ నలుగురూ చూపిన యేసు ఒక్కడే కాబట్టి కోణాలు నాలుగైనా భయపడలేదు.

శాఖల మధ్య ఎన్ని తేడాలున్నా, 325లో నీకయలో మొదలై 381లో రూపు దిద్దుకున్న విశ్వాస ప్రమాణాన్ని కాథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంటు సంఘాల్లో అత్యధికం ఈనాటికీ అంగీకరిస్తున్నాయి.

యేసు లేచాడన్నది విశ్వాసంలో సత్యమైతే చాలదా? చరిత్రలో జరగాలా?

పౌలుకు చాలలేదు. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో నిక్కచ్చిగా రాశాడు. ఆ పత్రిక సుమారు 55వ సంవత్సరం నాటిది. లేచిన యేసును అయిదు వందల మందికి పైగా ఒకేసారి చూశారని, వారిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే. తన మతం తప్పని తేలడానికి ఏం జరగాలో తానే చెప్పిన బోధకుడు ఆయన.

విశ్వాస ప్రమాణంలో రోమన్ అధిపతి పొంతి పిలాతు పేరు ఉండటానికి కారణమూ ఇదే. అది "అనగనగా" కథ కాదు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్, తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చేతుల్లో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. పిలాతు పేరున్న శిలాశాసనం 1961లో కైసరయలో దొరికింది. శాసనం పునరుత్థానాన్ని రుజువు చేయదు. ఈ విశ్వాసం తన పాదాలను ఎక్కడ మోపిందో మాత్రం చూపిస్తుంది.

"సత్యమంటే ఏమిటి?" అని పిలాతు అడిగినప్పుడు యేసు ఎందుకు జవాబివ్వలేదు?

యోహాను 18:38 చదివితే పిలాతు జవాబు కోసం ఆగినట్టు కనిపించదు. అడిగాడు, బయటికి వెళ్లిపోయాడు. వెళ్లి ఏమన్నాడు? ఇతనిలో నాకు ఏ దోషమూ కనిపించలేదన్నాడు. అంటే ఆ విచారణకు కావలసిన సత్యం ఆయన దగ్గర అప్పటికే ఉంది. దాన్ని బహిరంగంగా ఒప్పుకుని కూడా, జనసమూహం కేకలకు, కైసరు భయానికి లొంగి నిర్దోషిని సిలువకు అప్పగించాడు. సత్యం మీద అనుమానం తాత్విక చర్చలో లోతుగా వినిపిస్తుంది. న్యాయపీఠం మీద కూర్చున్నవాడి నోట అదే మాట వచ్చినప్పుడు దాని ఖరీదు ఎదుట నిలబడ్డవాడు చెల్లిస్తాడు. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు కోర్టుల్లో తిరిగే పేదవాళ్లే గుర్తొస్తారు. "ఎవరి సత్యం వారిది" అనే మాట వాళ్లకు ఒక్క పూట కూడా పనికిరాదు.

యేసు "నేనే సత్యమును" అన్నాడు. సత్యం ఒక వ్యక్తి అయితే సిద్ధాంతాలు ఎందుకు?

వ్యక్తిని ప్రేమించేవాడు ఆ వ్యక్తి గురించిన మాటలు నిజమో అబద్ధమో పట్టించుకుంటాడు. యోహాను 14:6 సిద్ధాంతాలను చెరిపేయలేదు, వాటిని ఎవరి కోసం నేర్చుకుంటున్నామో చెప్పింది. అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. వ్యక్తిని జేబులో పెట్టుకుని తిరగలేం. సత్యం మా సొత్తు అని క్రైస్తవుడు అనకూడదు. తాను దాని ముందు నిలబడవలసినవాడు.

## ఇరుగుపొరుగుతో, ఇంట్లో

"యేసు ఒక్కడే మార్గం" అనడం అహంకారం కాదా?

చెప్పే తీరులో అహంకారం ఉండవచ్చు, తరచుగా ఉంటుంది కూడా. మైకు పెట్టి పక్కవారి దేవుళ్లను తిట్టడం సువార్త కాదు. సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పాలని పేతురు రాసిన మాటకు అది నేరుగా విరుద్ధం. మాటలో ఉన్న విషయం మాత్రం వేరు. "అన్ని మార్గాలూ సమానమే" అనేవాడు కూడా అలా కాదనే కోట్లాది ముస్లిములను, క్రైస్తవులను పొరబడ్డారంటున్నాడు. ఏదో ఒకటి కాదనకుండా ఏదీ ఔననలేం. తాను మంచివాడు కాబట్టి రక్షణ దొరికిందని క్రైస్తవుడు చెబితే అది గర్వమే. సువార్త చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు.

అయితే ఇతర మతాల్లో సత్యమే లేదంటారా?

అనను. పౌలు ఏథెన్సులో గ్రీకు కవుల మాటలనే ఎత్తి చూపాడు. 2వ శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్, దైవ వాక్కు విత్తనాలు అందరిలోనూ చల్లబడ్డాయని రాశాడు. సత్యం ఎక్కడ కనిపించినా అది ప్రభువుదేనని అగస్టీన్ నేర్పాడు. ఇతర మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేన్నీ తిరస్కరించబోమని కాథలిక్ సంఘం 1965లో రెండో వాటికన్ మహాసభ ద్వారా ప్రకటించింది. సువార్త వినని వారి గతి ఏమిటన్నదాని మీద క్రైస్తవుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

కానీ అన్నీ ఒకటే చెబుతున్నాయనడం ఆ మతాలను గౌరవించడం కాదు. యేసును సిలువ వేయలేదని ఖురాన్ 4:157 చెబుతుంది, వేశారని సువార్తలు చెబుతాయి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. నిష్ఠగల ముస్లిం మిత్రుడు కూడా ఈ మాటే అంటాడు. "ఏకం సత్ విప్రా బహుధా వదంతి" అనే ఋగ్వేద వాక్యాన్ని చాలామంది సాపేక్షవాదానికి తెస్తారు. అందులో మొదట ఉన్నది ఏకం సత్ అన్న సంగతి మరచిపోతారు.

సహనం కావాలంటే సాపేక్షవాదమే మంచి పునాది కదా?

నాకు తేడాగా కనిపించనిదాన్ని నేను సహించవలసిన అవసరమే లేదు. విభేదించిన చోటే సహనం పుడుతుంది. మతాన్ని బలవంతంగా రుద్దలేమని 3వ శతాబ్దం ఆరంభంలోనే క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ వాదించాడు, అది కూడా సత్యాన్ని గట్టిగా నమ్మే మనిషిగా. సత్యం తన సొంత బలంతోనే మనసులోకి ప్రవేశించాలని 1965 నాటి వాటికన్ ప్రకటన చెప్పింది. మన రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛకు కూడా అప్పుడే విలువ. వెతకడానికి ఏదీ లేకపోతే, వెతికే స్వేచ్ఛ ఎందుకు?

"నీకు అది నిజం, నాకు ఇది నిజం, ఇక వదిలేయ్" అని మామయ్య మాట తుంచేస్తారు. ఏమనాలి?

చాలాసార్లు ఆ మాటకు అర్థం "మన మధ్య గొడవ వద్దు" అని. అప్పుడు తర్కం మొదలుపెట్టకండి. "గొడవ నాకూ వద్దు మామయ్యా, మీరు ఏం నమ్ముతారో వినాలని ఉంది" అనండి. తర్వాత నిజంగా వినండి. పండుగ భోజనాల వేళ గెలిచిన వాదన ఎవరినీ దగ్గర చేయదు.

## సందేహం మనలోనే ఉన్నప్పుడు

సంఘంలో మాత్రం సాపేక్షవాదం లేదు కదా?

ఉంది, వేరే బట్టలు కట్టుకుని. "ప్రభువు నాతో చెప్పాడు" అనగానే ఇక ఎవరూ ప్రశ్నించకూడదనుకోవడం సాపేక్షవాదమే; నా అనుభవమే నాకు కొలమానం అనడానికి అది భక్తి పేరు. జరగని స్వస్థతను జరిగిందని సాక్ష్యం చెప్పించడం, వాట్సాప్‌లో వచ్చిన వార్త మన పక్షానిదైతే నిజానిజాలు చూడకుండా పదిమందికి పంపడం కూడా ఆ కోవలోవే. సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. ప్రతి ఆత్మనూ నమ్మక పరీక్షించమని యోహాను రాశాడు. కాలేజీ ప్రొఫెసర్ల మీద పెట్టే శ్రద్ధలో సగం ఇటు పెట్టినా మన యువత మన మాట నమ్ముతారు.

నాకే సందేహాలు వస్తున్నాయి. విశ్వాసం పోయినట్టేనా?

పోలేదు. సందేహించేవాడు నిజమేమిటో తెలుసుకోవాలనుకుంటున్నాడు, నిజం ఉందని నమ్ముతున్నాడు. తోమా గాయాలను తాకి చూస్తే తప్ప నమ్మనన్నాడు. యేసు అతన్ని వెళ్లగొట్టలేదు, చేతులు చూపించాడు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని మార్కు 9వ అధ్యాయంలో ఒక తండ్రి వేసిన కేకకు జవాబు దొరికింది. నిద్ర, తిండి, మనోవ్యాకులత కూడా సందేహానికి కారణాలవుతాయి. అలాంటప్పుడు పుస్తకాలకన్నా ముందు నమ్మకమైన మనిషినో, అవసరమైతే వైద్యుణ్ణో కలవండి.

మా అబ్బాయి కాలేజీ నుంచి ఈ వాదాలన్నీ మోసుకొచ్చాడు. గుడికి రానంటున్నాడు. ఏం చేయాలి?

బలవంతం చేయకండి, పాస్టరుగారిని పిలిపించి మందలింపజేయకండి. ముందు అతను చదివినది మీరూ కొంత చదవండి. దాన్ని తప్పుగా చెప్పి ఖండిస్తే, మీరు సత్యాన్ని పట్టించుకోరనే అతని అనుమానం బలపడుతుంది. తర్వాత నెమ్మదిగా అడగండి: ఇది నీకు ఎక్కడ నుంచి నిజమనిపించడం మొదలైంది? చాలామంది పిల్లల విషయంలో జవాబు ఏ తాత్వికుడి దగ్గరా ఆగదు. సంఘంలో చూసిన అబద్ధం, కానుకల లెక్కలో జరిగిన మోసం, ఒక దళిత మిత్రుడికి జరిగిన అవమానం బయటికి వస్తాయి. అది నిజమైతే, నిజమేనని ఒప్పుకోండి. సంఘం పరువు కోసం సమర్థించకండి. అక్కడ మీరు చేయగలిగింది ఏదైనా ఉంటే, లెక్కలు అడగడం గానీ, ఆ మిత్రుడి ఇంటికి వెళ్లి క్షమాపణ కోరడం గానీ, అబ్బాయిని వెంటబెట్టుకునే చేయండి.